పాత ఇల్లు కొని బాగుచేసి అమ్మడం: గోదావరి డెల్టాలో ముందు నీళ్లు, తర్వాత సంతకాలు

అమలాపురం నుంచి పాలకొల్లు దాకా ఏ ఊళ్లో చూసినా తాళం పడ్డ పెంకుటిల్లు ఒకటైనా కనిపిస్తుంది. వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెరట్లో కాయలు మాత్రం ఎవరో ఒకరు దింపుకుంటూనే ఉంటారు. అలాంటి ఇల్లు కొని, బాగుచేసి, అమ్మి నాలుగు డబ్బులు చేసుకుందామని దిగేవాళ్లు ముందు చూసేది టేకు స్తంభాలు, వీధి వెడల్పు, గోడల అందం. డెల్టాలో ఈ బేరాన్ని ముంచేవి అవి కావు. నేల కింద నీళ్లు, కాగితం మీద లేని సంతకాలు, ఈ రెండే. మిగతావన్నీ డబ్బు పెడితే అయిపోయే పనులు.

ఇల్లు చూడటానికి ఆగస్టు నుంచి అక్టోబరు లోపు వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు, ఊటనీరు కిందకి దిగుతుంది, గోడలు పొడిగా కనిపిస్తాయి. అమ్మేవాళ్లు సరిగ్గా అప్పుడే సున్నం కొట్టించి చూపిస్తారు. ఎండాకాలంలోనే చూడాల్సి వస్తే గోడ కింది భాగాన్ని చేత్తో రాయండి. తెల్లటి పొడి అంటితే ఉప్పు తేలినట్టు. కొత్త రంగు అడుగున మూడు నాలుగు అడుగుల ఎత్తులో అడ్డంగా ఒక గీత ఉబ్బెత్తుగా తగిలితే, నెమ్ము అక్కడిదాకా ఎక్కిందని గుర్తు.

ఆ తర్వాత రోడ్డు మట్టం. పాత ఇళ్లు కట్టినప్పుడు వీధి కంటే రెండు మూడు అడుగుల మెరకనే కట్టారు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కొంచెం కొంచెం లేచింది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు వాన పడితే వీధి నీళ్లు అరుగు దాటి వసారాలోకి వస్తాయి. తాపీమేస్త్రి దగ్గరుండే నీటి గొట్టంతో, అదే లెవెల్ ట్యూబుతో, రోడ్డు నడిమధ్య నుంచి నట్టింటి గచ్చు దాకా మట్టం చూడండి. గచ్చు రోడ్డు కంటే అడుగున్నర పైనుంటే నిశ్చింత. సమానంగా ఉంటే ధర తగ్గించి అడగాలి. పల్లంలో ఉంటే దాన్ని ఇల్లుగా లెక్కేయకండి, స్థలం ధరకే అడగండి.

పల్లం ఇంటికి మార్గాలు లేకపోలేదు, వాటి ఖర్చు ముందే తెలియాలి. వెయ్యి చదరపు అడుగుల ఇంట్లో గచ్చు ఒక్క అడుగు లేపాలంటే వెయ్యి ఘనపుటడుగుల ఇసుక, అంటే నూరు ఘనపుటడుగుల యూనిట్లు పది. తడిపి దిమ్మిస్తే అణుగుతుంది కాబట్టి పన్నెండు తోలించాలి. డబ్బు పోయేది ఇసుకకి కాదు. ఆరున్నర అడుగుల గుమ్మం అయిదున్నర అడుగులకి దిగిపోతుంది. ప్రతి ద్వారబంధం ఊడదీసి, పైన గోడ కోసి, కొత్త లింటల్ వేసి మళ్లీ నిలబెట్టాలి. పైగా కొత్తగా పోసిన ఇసుక తడి పాత గోడకి అడుగు ఎత్తున ఆనుకుంటుంది. నింపే ముందు ఆ మేర గోడకి సిమెంటు పూత, దానిపైన తారు రెండు కోట్లు వేయకపోతే నెమ్ము ఇంకో అడుగు పైకెక్కుతుంది. జాకీలతో ఇల్లు మొత్తం లేపే పద్ధతి మన జిల్లాల్లో ఇప్పుడు మామూలైంది గానీ, అది సిమెంటుతో కట్టిన గోడలున్న డాబాలకి. బురదమట్టితో కట్టిన పాత గోడ జాకీ మీద విడిపోతుంది.

ఏటిగట్టుకి లోపలివైపు, లంకల్లో ఉన్న ఇల్లయితే 1986 ఆగస్టు వరదలో, 2022 జులై వరదలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇరుగుపొరుగుని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు వీధిలోకి పడవ వచ్చే ఊరైతే, ఎంత బాగుచేసినా కొనేవాడు బయటి నుంచి రాడు, ఆ ఊరివాడే కొనాలి. చేపల చెరువో రొయ్యల చెరువో ఆనుకుని ఉన్న ఇంటిదీ అదే కథ. చెరువు నీటిమట్టం ఇంటి గచ్చుకి దగ్గరగా ఉంటే ఆ గోడ ఏ మందు వేసినా ఆరదు. ఫిల్టర్ పాయింట్, అంటే ఇంటి చిన్న బోరు, నీళ్లు టీడీఎస్ మీటరుతో చూడండి, నీళ్లలో కరిగిన ఉప్పు చెప్పే చిన్న పరికరమే. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. రాజోలు, సఖినేటిపల్లి వైపు, సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఈ అంకె చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆ నీళ్లతోనే మీరు సిమెంటు కలపాల్సి వస్తుంది.

ఇక సంతకాలు. కాలువ గట్టు మీద, పంటబోదె పక్కన వరసగా ఉండే ఇళ్లు చాలావరకు పోరంబోకులో, అంటే ప్రభుత్వ భూమిలో ఉంటాయి. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. దేవస్థానం భూములు, ప్రభుత్వం పట్టా ఇచ్చిన అసైన్డ్ భూములు చాలావరకు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి, అందులో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. సర్వే నంబరు పెట్టి ఆ జాబితా చూడటం మొదటి పని. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, కంప్యూటర్లో వచ్చేది 1983 నుంచే. అంతకుముందు తాకట్టు, పంపకం ఉందేమో తెలియాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉన్న ఇంటికి, పొలాలకుండే అడంగల్, వన్ బీ రికార్డులు ఉండవు. అక్కడ పాత దస్తావేజులు, వరసగా ఏళ్ల ఇంటిపన్ను రసీదులు, హద్దుదారుల మాట, ఇవే ఆధారం.

డెల్టాలో బేరాలు ఎక్కువగా చెడేది ఆడపడుచుల దగ్గర. "మా చెల్లెళ్లకి కట్నం ఇచ్చేశాం సార్, వాళ్లకేం లేదు" అనే మాట ప్రతి బేరంలో వినపడుతుంది. చట్టం ఆ మాట వినదు. పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 సెప్టెంబరు 9 సవరణతో పెళ్లయిన కూతుళ్లకీ వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు ఉంటే దాన్ని కదపలేరు. తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాన్ని నమ్ముకోవద్దు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో సంతకం చేసేలా చూడండి. చనిపోయిన కూతురుంటే ఆమె పిల్లలు కూడా. వాళ్లలో మైనరు ఉంటే ఆ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది. విదేశంలో ఉన్న వారసుడు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి ఉండాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఒక్క సంతకం తర్వాత తెస్తామంటే, ఆ సంతకం వచ్చేదాకా డబ్బులో పెద్ద భాగం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ ఒక్క సంతకమే తర్వాత మీ లాభం మొత్తం అడుగుతుంది.

ధర సంగతి. లెక్క అమ్మకం వైపు నుంచి వెనక్కి రావాలి. ఉదాహరణకి, బాగుచేశాక 50 లక్షలకి పోతుందని వీధిలో ఇటీవల జరిగిన అమ్మకాలని బట్టి తేలిందనుకోండి. దళారీకి ఒక శాతం, 50 వేలు. మరమ్మతు 10 లక్షలు, దానిమీద అనుకోని ఖర్చుకి 20 శాతం, మొత్తం 12. ఆ 12 లక్షలు సగటున అయిదు నెలలు ఇరుక్కుంటాయి, రూపాయిన్నర వడ్డీకి 90 వేలు. మీకు అయిదు లక్షలు మిగలాలి. ఇవన్నీ తీసేస్తే 31 లక్షల 60 వేలు. అందులోనే కొనే ధర, దానిమీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, కొనేటప్పటి దళారీ ఒక శాతం, ఈ మొత్తం మీద పది నెలల వడ్డీ 15 శాతం, అన్నీ ఇమడాలి. లెక్క కడితే కొనే ధర 25 లక్షల 30 వేలకి మించకూడదు. అంటే యాభైకి పోయే ఇల్లు పాతికకి దొరకాలి. ముప్పైకి కొని "రంగులు వేస్తే పోతుందిలే" అనుకుంటే, పని చేసింది మీరు, లాభం తిన్నది వడ్డీవాడు. వారసులు ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇళ్లే పాతికకి దొరుకుతాయి, అందుకే సంతకాల గోల అంత చెప్పాల్సి వచ్చింది.

ఇంటి లోపలికి వస్తే, ముందు తల పైకెత్తి చూడండి. పెంకుటింట్లో దూలం గోడలో కూర్చున్న కొన అసలు పరీక్ష. నడుమ దూలం ఇనుములా ఉంటుంది, గోడలో దూరిన తొమ్మిది అంగుళాలే పుచ్చిపోతుంది. గాలి తగలదు, గోడ తడి తగులుతుంది. సన్నటి స్క్రూడ్రైవరుతో ఆ మూల గుచ్చండి. పావు అంగుళం కూడా దిగకపోతే మంచిది. మెత్తగా అంగుళం దిగితే ఆ కొన పనికిరాదు. అంతమాత్రాన దూలం మొత్తం మార్చక్కర్లేదు. కింద పోట్లు పెట్టి బరువు ఎత్తి, పుచ్చిన కొన కోసేసి, రెండు పక్కలా ఇనుప ఛానల్ బిగించి, బోల్టులేసి, దాని కొనని గోడలో సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాలి. ఛానల్ మంచి కర్ర మీదకి దూలం ఎత్తుకి కనీసం మూడు రెట్లు రావాలి. ఎనిమిది అంగుళాల దూలమైతే రెండు అడుగులు. దిమ్మ చుట్టూ అర అంగుళం ఖాళీ వదలండి, గాలి ఆడాలి. మేస్త్రి ఆ ఖాళీని అందంగా పూడ్చేస్తాడు, పక్కన నిలబడి ఆపించాలి.

ఎటూ పనికిరాని కర్రకీ విలువ ఉంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు, ఆరు అంగుళాల మందం ఉన్న దూలం మూడుంపావు ఘనపుటడుగుల పైచిలుకు. పాత టేకుకి కలప అడితిలో మంచి ధర వస్తుంది, అయితే మేకుల చిల్లులు, కుసులు కోసిన చోట్లు, పుచ్చు తీసేసి కొలుస్తారు. ఇల్లు విప్పే కాంట్రాక్టరు "సామాను నేను తీసుకుని ఊరకే విప్పేస్తా" అంటే ఆగండి. ముందు మీరే ప్రతి దూలం, స్తంభం, ద్వారబంధం కొలిచి రాసుకోండి. ఆ ఊరకేలో ఎంత ఉందో తేలుతుంది.

పెంకు తిరగనేయించడం ఈ ఇళ్లలో అన్నిటికంటే ఫలితమిచ్చే ఖర్చు. మంగళూరు పెంకు నూరు చదరపు అడుగులకి 140 నుంచి 150 పడుతుంది. దించిన పెంకుని గోటితో మీటితే ఖంగుమనాలి, బొటబొట అన్నది పక్కన పెట్టేయాలి. ఎంత జాగ్రత్తగా దించినా కొన్ని పగులుతాయి. అదే అచ్చు పాత పెంకు దొరికితే సరే, లేకపోతే వెనక వాలు మొత్తం కొత్త పెంకు వేసి, అక్కడి పాతది వీధివైపు వాడండి. కొత్త పెంకు పాతదాని మధ్యలో కలిపితే గాడి సరిగా పడదు, మొదటి తుపానుకే కారుతుంది. పట్టీల మధ్య దూరం పుస్తకం చూసి వేయకండి. పది పెంకులు నేలమీద గాడిలో పరిచి, కొలిచి, ఆ కొలతకి వేయించండి. చూరు వరస, కొప్పు వరస పెంకుల్ని తుప్పు పట్టని తీగతో పట్టీకి కట్టించాలి. తుపాను గాలి ఎత్తేది అంచులనే.

చెదలకి క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందుని ఒక వంతుకి 19 వంతుల నీళ్లు కలిపితే ఒక శాతం ద్రావణం అవుతుంది. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల చిల్లులు, మట్టి తగిలేదాకా. చిల్లుకి లీటరు. 120 అడుగుల గోడకి 120 చిల్లులు, ఆరు లీటర్ల మందు. నుయ్యి, ఫిల్టర్ పాయింట్ దగ్గరగా ఉన్న గోడకి ఈ పని చేయకండి, ఆ మందు నీళ్లలోకి దిగుతుంది.

ఇక నెమ్ము. ఇక్కడే అందరూ ఒకే తప్పు చేస్తారు. పాత గోడ బురదమట్టితోనో గానుగ సున్నంతోనో కట్టింది. కింది నుంచి నీళ్లు పైకి పీలుస్తుంది, సున్నపు పూతలోంచి ఆవిరై బయటకి పోతుంది. దానిమీద సిమెంటు పూత, పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీళ్లు పూత ఉన్నంత ఎత్తుకీ ఎక్కి, దాని పైనుంచి బయటపడతాయి. మూడు అడుగుల నెమ్ము అయిదు అడుగులవుతుంది. వెనక ఉప్పు గడ్డకట్టి పూతని నెడుతుంది. జనవరిలో చేసిన పని అక్టోబరుకి పొరలు పొరలుగా రాలుతుంది, సరిగ్గా కొనేవాడు చూడటానికొచ్చే రోజుకి.

నెమ్ము లోపలి నుంచి వస్తోందా, గాలిలోని తేమా అన్నది తేలాలంటే అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్ ముక్క గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. ఫాయిల్ వెనక చెమట పడితే గోడ నుంచి, ముందువైపు పడితే గాలి నుంచి. గోడ నుంచే అయితే పని వరస ఇది. ముందు బయటివైపు గోడకి ఆనుకుని పోగైన మట్టి తవ్వి, నేల మట్టం లోపలి గచ్చు కంటే కనీసం అరడుగు కిందకి దించాలి. చాలా ఇళ్లకి ఈ ఒక్క పనే సగం రోగం తీరుస్తుంది, ఎవరూ చేయరు, కంటికి కనిపించదు కాబట్టి. తర్వాత నెమ్ము గీతకి పైన ఇంకో అడుగు దాకా పూత మొత్తం దులపాలి. ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతుకి గీకాలి. రాలిన ఉప్పు పొడి ఊడ్చి ఇంటి బయట పారేయాలి, పెరట్లో గోడ పక్కనే పోస్తే తిరిగి అదే గోడలోకి వస్తుంది. ఆపైన నెలా నెలన్నర ఆరనివ్వాలి. కాలువలు కట్టేసిన కాలం దీనికి దొరికిన వరం.

ఆరాక గోడలో అడ్డంగా సున్నం సందు వెంట, బయటి నేలకి ఆరు అంగుళాల పైన, 12 మిల్లీమీటర్ల చిల్లులు అయిదు అంగుళాలకొకటి వేసి నీటిని తోసే సిలేన్ క్రీము నింపుతారు. తొమ్మిది అంగుళాల గోడకి ఇది పనిచేస్తుంది. పద్దెనిమిది అంగుళాల మట్టి గోడల్లో లోపల ఖాళీలుంటాయి, మందు అటే పోతుంది, డబ్బు దండగ. ఆ గోడలకి సున్నపు పూతే శరణ్యం: వారం పది రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, కడిగిన గోదావరి ఇసుక రెండు పాళ్లు. రెండు విడతలుగా అర అంగుళం మందం. పైన వెల్ల మాత్రమే. కొనేవాళ్లకి వెల్ల గోడ పాతగా అనిపిస్తుందని కొందరు భయపడతారు. తెల్లగా, పొడిగా ఉన్న గోడ కంటే బాగా అమ్మిపెట్టేది లేదని నా అభిప్రాయం.

గోడ పగుళ్లని చూసి వెనకాడే ముందు ఒక సంగతి. మన నల్లమట్టి ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. మేలో విచ్చి సెప్టెంబరులో మూసుకునే పగులు మట్టిది. పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్క పీఓపీతో అతికించి, పక్కన తేదీ రాయండి. పని సాగే నెలల్లో గాజు విరగకపోతే సందు నింపేయొచ్చు. విరిగితే పునాది చూడందే పూత జోలికి వెళ్లొద్దు.

ఎనభైల్లో, తొంభైల్లో వేసిన స్లాబు డాబాలు పెంకుటిళ్ల కంటే ప్రమాదం. ఉప్పునీళ్లతో, ఉప్పు ఇసుకతో పోసినవి చాలా ఉన్నాయి. సుత్తితో స్లాబు కిందివైపు అడుగడుక్కీ కొట్టండి, డొల్ల మోత వచ్చిన చోట సుద్దతో గుండ్రం గీయండి. గుండ్రాలు మూడోవంతు దాటితే ఆ స్లాబు పడగొట్టే లెక్కలోనే బేరమాడాలి. తక్కువైతే పెచ్చులు కొట్టి, చువ్వ వెనకవైపు కూడా వేలు దూరేంత కాంక్రీటు తీసి, తుప్పు మొత్తం బ్రష్షుతో గీకాలి. పది మిల్లీమీటర్ల చువ్వ ఎనిమిదిన్నరకి సన్నబడిందంటే పావువంతు ఉక్కు పోయినట్టే, పక్కన కొత్త చువ్వ కట్టాలి. తర్వాత జింకు ప్రైమరు, పాలిమర్ కలిపిన గారా, ఒక్కో పొర అర అంగుళానికి మించకుండా. చువ్వ ముందు భాగం మాత్రమే గీకి పూత పూస్తే, వెనక తుప్పు రెండేళ్లలో మళ్లీ పెచ్చు తోస్తుంది.

వైరింగు పాతది ఏదీ ఉంచొద్దు. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కొత్త ఎర్తు, షాకు కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గొయ్యి తాగునీటి బోరుకి 18 మీటర్ల దూరంలో ఉండాలి. ప్లాస్టిక్ ట్యాంకు పెడితే వానాకాలంలో ఖాళీ చేయించొద్దు, ఊటనీరు దాన్ని పైకి తేలుస్తుంది. ఈశాన్యంలో ట్యాంకు, వీధిపోటు ఉన్న ఇల్లు కొనేముందు ఆలోచించండి. మీకు వాస్తు మీద నమ్మకం ఉందా లేదా అన్నది కాదు, కొనేవాడికి ఉంటుంది.

రోజులు చూసుకోవడం కూడా లెక్కలో భాగమే. ఆషాఢంలో, మూఢంలో బేరాలు కదలవు, వడ్డీ మాత్రం కదులుతుంది. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి చూపించేలా పని ముగించాలంటే, ఏడాది ముందే కొని ఎండల్లో తడి పనులు చేసుకోవాలి. కొన్న 24 నెలల్లోపు అమ్మితే లాభం మీ మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. వరసగా ఇదే పని చేస్తుంటే దాన్ని వ్యాపారంగానే చూస్తారు, మొదటి ఇంటి నుంచే బిల్లులు దాచండి. అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా.

పని అయిపోయి ఇంకా అమ్ముడు కాని ఇంటికి తాళం వేసి వెళ్లిపోతే మూడు నెలల్లో బూజు వాసన కొడుతుంది. వారానికోసారి ఎవరైనా తలుపులు, కిటికీలు తీసి పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఉంచాలి, కుళాయిలు రెండు నిమిషాలు వదలాలి, వంటింటి మూలల్లో చెదల మట్టిగీత కొత్తగా లేచిందేమో చూడాలి. ఎదురింటి పెద్దామెకి నెలకింత ఇచ్చి తాళం ఆమె దగ్గరుంచితే ఇవన్నీ జరుగుతాయి. కొనేవాళ్లు వచ్చినప్పుడు ఇంటి గురించి ముందు అడిగేదీ ఆమెనే.